గడ్డపుబల్లి ఉపవాస పద్యం: టీకా తాత్పర్యం

ఆ. మూడు నాళ్లనుండి ముట్టదు పురుగైన
ఆకుఁ జూడదసలె యద్ద మెదుట
లైటు వెలుగుచుండె లక్షణముగఁ జూడ
నేమి సేతు నింక నేది మందు

అవతారిక: డాలస్‌లో కొడుకు పోరు పడలేక బియర్డెడ్ డ్రాగన్ అనే గడ్డపుబల్లిని కొనిపెట్టి, వాడి మోజు తీరిపోగా పరిచర్యంతా తన నెత్తికెత్తుకున్న ఒక తెలుగు గృహస్థు మొర ఇది. బల్లిగారి పూర్వులది ఆస్ట్రేలియా నడిగడ్డలోని ఎండభూములు. ఏసీ కొంపలో కాపురం ఆ వంశానికి కొత్త.

ప్రతిపదార్థం: పురుగైన = డాలర్లు పోసి కొన్న, ఇంకా గెంతుతున్న కీచురాయిని సైతం; ముట్టదు = నాలుక చాపదు; ఆకున్ = కొలార్డ్ ఆకును (పాలకూర కాదు; అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు); అద్దము ఎదుట = గాజుతొట్టె గోడకు ఎదురుగా; లక్షణముగన్ = నిక్షేపంగా; చూడన్ = మనిషి కంటితో చూడగా; తక్కినది స్పష్టము.

తాత్పర్యం: బల్లి తినడం లేదు. దీపం వెలుగుతోంది. యజమానికి దిక్కు తోచడం లేదు.

వ్యాఖ్య: మొదటి పాదం చివర ‘పురుగైన ఆకు’ అని విసంధి ఉంది. పురుగూ ఆకూ రెండూ పళ్లెంలోనే విడివిడిగా పడి ఉన్నాయని ధ్వని గనుక దోషం కాదు.

‘మూడు నాళ్లు’ అన్న చోట కవి బల్లి వయసు చెప్పలేదు, ఋతువు చెప్పలేదు, ఆడో మగో చెప్పలేదు. పసిబల్లికి మూడు నాళ్ల పస్తు ప్రమాదమే. ఏడాది దాటినదైతే చలికాలంలో వారాల తరబడి మేత మాని మత్తుగా పడుకోవచ్చు. దీన్ని బ్రూమేషన్ అంటారు. వంటింటి తూకంలో బరువు నిలకడగా ఉన్నంతవరకు కంగారు అక్కర్లేదు. ఆడబల్లికి మగతోడు లేకపోయినా గుడ్లు కడతాయి. అప్పుడు మేత తగ్గించి మూలలు తవ్వుతుంది. గుడ్లు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

‘లంఖణం పరమౌషధం’ అని ఊరుకొమ్మంటారు కొందరు. ఆ మాట జఠరాగ్ని కడుపులో ఉన్నవాళ్లకు చెల్లుతుంది. బల్లికి జఠరాగ్ని బయట, నెత్తిమీద హోల్డరులో ఉంటుంది. తన ఒంటివేడి తాను పుట్టించుకోలేని జీవి. రాయి మీద కాగితే తప్ప తిన్నది అరగదు, అరగనిదే ఆకలి వేయదు. దీపం కింది చోటు 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ కాగాలి. రెండో కొస చల్లగా ఉండాలి, వేడెక్కినప్పుడు తప్పుకోవడానికి. తొట్టె గోడకు అంటించిన గుండ్రటి మీటరు గోడ వేడిని చెబుతుందే గాని రాతి వేడిని చెప్పదు. కనుక ఈ పద్యంలోని అగ్నిమాంద్యం బల్లిది కాదు, బల్బుది.

ఇక ‘చూడన్’ దగ్గరే కవి మోసపోయాడు. బల్లికి కావలసిన యూవీబీ అనే అతినీలలోహిత కిరణం మన కంటికి కనబడదు. దానికోసం పెట్టే ట్యూబు తెల్లగా వెలుగుతూనే ఉంటుంది, కొన్ని నెలలకు అందులోని యూవీబీ క్షీణిస్తుంది. అది లేనిదే విటమిన్ డి3 తయారు కాదు, కాల్షియం ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడతాయి. దవడ మెత్తబడిన బల్లి కీచురాయిని ఎలా నములుతుంది? తొట్టెను కిటికీ దగ్గర పెట్టానులే అనుకోవడమూ వృథా. కిటికీ అద్దం యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపల పోగుచేస్తుంది.

‘అద్ద మెదుట’కు ఇంకో అర్థం కూడా ఉంది. గాజులో తన నీడనే పరాయి బల్లి అనుకుని గడ్డం నల్లబరిచి, గోడను గీరుతూ తిండి మరిచేవి ఉన్నాయి. అలాంటి వాటికి గాజు వెనక ఒక కాగితం అంటిస్తే చాలు.

మన పంచాంగాలు బల్లి మనిషి మీద పడితే ఏమవుతుందో అంగాంగమూ వివరించాయి గాని, మనిషి బల్లి మీద పడితే దానికేమవుతుందో ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు కొంత పూరిద్దాం. చల్లబడిన బల్లి నోరు తెరిచి పురుగును కుక్కకూడదు, కడుపులో కుళ్లుతుంది. తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రి తొట్టెలో వదిలేయకూడదు, అవే బల్లిని కొరుకుతాయి. ఆకలి పుట్టించడానికని మిణుగురు పెట్టడం హత్యతో సమానం, ఒక్కటి చాలు చావడానికి.

ఉపసంహారం: ‘ఏది మందు’ అన్నదానికి సమాధానం మొదట థర్మామీటరు, తర్వాత కొత్త ట్యూబు. అవి సరిగా ఉన్నా తినకపోతే, బరువు తగ్గుతుంటే, పేగుల్లో పురుగులో మరొకటో ఉండవచ్చు, సరీసృపాలు తెలిసిన పశువైద్యుణ్ని చూడాలి. వెళ్లేటప్పుడు పద్యం అక్కర్లేదు. బల్లినీ, దాని తాజా మలాన్నీ, ట్యూబు కొన్న తేదీనీ పట్టుకెళ్లండి.