మాస్టారు చూసిన అంకె

మిషిగన్‌లోని నోవైలో మా వీధి చివరింట్లో ఒక మాస్టారు ఉన్నారు. బాపట్ల వైపు బళ్లలో జీవితమంతా ఇంగ్లీషు చెప్పి, కొడుకు దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చారు. 65 నిండి, ఇక్కడ వరసగా 5 ఏళ్లు ఉన్నాక, ప్రీమియం కట్టి, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ తీసుకున్నారు. టాఫ్ట్ రోడ్డు వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే పిల్లలకు పద్యాలు నేర్పేవారు.

నిరుడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట, చదువు మూడూ దెబ్బతిన్నాయి. అంకెలు మాత్రం గుర్తుపట్టగలిగేవారు. మెదడు ఎడమవైపు దెబ్బతగిలిన కొందరికి అలా అవుతుంది.

ఈ జబ్బులో మొదటి నెలలు బంగారం లాంటివి. చేతికి, నడకకు, మాటకు వేర్వేరు థెరపీలు రాశారు. కొడుకు ఆఫీసుకు పోతూ ఆయన్ని థెరపీ ఇచ్చే భవనం గుమ్మం దగ్గర దింపేవాడు, తర్వాత వచ్చి తీసుకెళ్లేవాడు. ఒకరోజు అక్కణ్ణించి ఫోను: "మీ నాన్నగారు రావడం మానేశారు. ఆ టైము వేరేవాళ్లకు ఇవ్వమంటారా?"

కొడుకు పరుగున వెళ్లాడు. మాస్టారు కింద వసారాలో బెంచీ మీద కూర్చుని, రబ్బరు బంతిని కుడిచేత్తో పిసకడానికి తంటాలు పడుతున్నారు. ఒక్కరే.

"ఎందుకు నాన్నా ఇలా?"

ఎడమచేత్తో జేబులోంచి మడత కాగితం తీసి, ఒక అంకె మీద వేలు పెట్టారు. వందల డాలర్లు, ఒక్కరోజు థెరపీకి.

"నీ... డబ్బు... వద్దురా."

అది మెడికేర్ పంపిన లెక్క. ఆయన వేలు పెట్టింది థెరపీవాళ్లు అడిగిన మొత్తం మీద. మెడికేర్ ఒప్పుకునేది అంతకన్నా బాగా తక్కువ. అందులోనూ ఏడాదికోసారి ముందుగా మనం కట్టే డిడక్టిబుల్ పోతే 80 శాతం అదే ఇస్తుంది. మనకు మిగిలేది 20 శాతం. అవసరమని వైద్యులు రాసినన్నాళ్లు థెరపీకి ఏటా ఉండే గరిష్ఠ పరిమితిని కూడా 2018లో తీసేశారు. మనం ఎంత కట్టాల్సి రావచ్చో అదే కాగితంలో ఉంది. ఆ కాగితం మీదే పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో మాట కూడా ఉంది: "ఇది బిల్లు కాదు."

తరాల పిల్లలకు ఇంగ్లీషు నేర్పిన ఆయన ఆ ఒక్క వాక్యం చదవలేకపోయారు.

అసలు బిల్లు ఆ తర్వాతి వారం వచ్చింది, నాగా పెట్టిన రోజులకు రుసుము కట్టమని. దానిలో మెడికేర్ ఒక్క సెంటు కూడా ఇవ్వదు.