దూల తీరిన వనభోజనం

"నీకు దూల తీరాలిరా" అని మా నాన్న నన్ను చిన్నప్పుడు రోజుకోసారైనా అనేవారు. అది తీరడానికి నాకు అరవై రెండేళ్లు పట్టింది. తీరిన చోటు నూజివీడు దగ్గర ఒక మామిడితోట. రోజు కార్తీకంలో రెండో ఆదివారం. వేళ పులిహోరకీ పాయసానికీ మధ్య.

మాది విజయవాడలో డెబ్భై రెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఏటా కార్తీకంలో రెండు బస్సులు మాట్లాడుకుని వనభోజనాలకు వెళ్తాం. ఉసిరిచెట్టు ఉందంటేనే తోటకు అడ్వాన్సు ఇస్తాం. ఆ ఏడు దొరికిన ఉసిరిచెట్టు నా భుజం దాకా కూడా లేదు. దాని నీడలో అందరూ భోంచేయాలంటే వంతులవారీగా తలకాయ దూర్చి ఒక్కో ముద్ద తినాలి. సెక్రటరీగారు దానికే పసుపు రాసి బొట్టు పెట్టి, "చెట్టు చెట్టే కదండీ" అన్నారు. పూజ కాగానే అందరం పక్కనున్న షామియానా కిందికి మారిపోయాం.

నేను పల్లెటూళ్లో పుట్టినవాణ్ణి. ఈ మాట బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు చెప్పాను, రిటైరయ్యాక అపార్ట్‌మెంటులో చెబుతున్నాను. పుట్టిన మాట నిజమే. ఆరో తరగతికే హాస్టల్లో చేరిన సంగతి మాత్రం చెప్పను. ఆ ధీమాతోనే పిల్లల్ని వెంటేసుకుని తోటంతా తిప్పాను. ఇది మోదుగ, విస్తళ్లు కుడతారు. ఇది మారేడు, శివుడికి పెడతారు. ఇదా, ఇది పిచ్చిమొక్క. నాకు పేరు తెలియనివన్నీ పిచ్చిమొక్కలే.

తర్వాత పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ మొదలుపెట్టారు. సి-బ్లాక్ కుర్రాడు కొట్టిన సిక్సరు వెళ్లి కంచె పొదలో పడింది. పిల్లలు అటు పరిగెత్తబోతే నేను ఆపాను. "పాములుంటాయిరా, ఆగండి. నేను తెస్తాను" అన్నాను. చిన్నప్పటి నుంచీ మనకు నేర్పిన భయం అదొక్కటే. పొద అంటే పాము. పొదే కరుస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఒక కర్ర తీసుకుని, పామును బెదిరించడానికి పొదనంతా బాగా కొట్టాను. ఆ కొట్టుడే నా కొంప ముంచింది. కంచె మీదికి ఒక తీగ అల్లుకుని ఉంది. దానికి గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. ఒక్కోటీ చింతకాయంత ఉంది, చివర కొంచెం వంకర తిరిగింది. ఒళ్లంతా బంగారు రంగు నూగు. ఎండ పడితే పట్టు చీర అంచులా మెరుస్తోంది. అంత అందమైన కాయను నేను సూపర్ మార్కెట్లో కూడా చూడలేదు. పిల్లిపిల్లను నిమిరినట్టు ఒకదాన్ని నిమిరాను. రెండు కోసి, మా ఆవిడకు చూపిద్దామని చొక్కా జేబులో వేసుకున్నాను.

"అంకుల్, అవేం కాయలు?" అన్నాడు సిక్సరు కుర్రాడు.

"అడవి చిక్కుడు" అన్నాను, కన్ను కూడా ఆర్పకుండా.

అది పూర్తి అబద్ధం కూడా కాదని తర్వాత తెలిసింది. చిక్కుడు కుటుంబమేనట. కుటుంబం పెద్దమనుషులదే. వీడొక్కడే ఇలా తయారయ్యాడు.

భోజనాలు మొదలయ్యాయి. పాయసం ఇంకా ఉడుకుతోందని వంటాయన కబురు చేశాడు. ఖాళీగా ఉంటే జనం మెయింటెనెన్సు బకాయిల సంగతి ఎత్తుతారని సెక్రటరీగారికి భయం. వెంటనే 'పాసింగ్ ది బాల్' అన్నారు. గుండ్రంగా కుర్చీలు వేశారు. పాట మోగినంతసేపూ బంతి చేతులు మారాలి. పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లేచి పాడాలి. బంతేదీ అంటే, నేనే గర్వంగా అందించాను. టెన్నిస్ బంతికి అసలే ఒంటినిండా నూగు. అందులో ఇంకో నూగు దాక్కుంటే కనిపెట్టేదెవరు?

నలభై ఆరు జతల చేతులు. రెండు రౌండ్లు.

మొదటి రౌండులోనే నాకు జేబు దగ్గర ఏదో తేడాగా అనిపించింది. ముందు చీమ పాకినట్టుంది. తర్వాత ఆ చీమ తన బంధువర్గాన్నంతా పిలుచుకున్నట్టుంది. మామూలు దురదకో మర్యాద ఉంటుంది, గోకితే తగ్గుతుంది. దీన్ని గోకితే మంట, గోకకపోతే దురద. మధ్యలో నిలబడటానికి జానెడు చోటు లేదు. నేను నలుగురిలో ఉన్నానని గుర్తు తెచ్చుకుని, గుండెల మీద చెయ్యి వేసుకుని, దేశభక్తి పొంగినవాడిలా కూర్చున్నాను.

అంతలో పాట ఆగింది. బంతి ట్రెజరర్‌గారి దగ్గర ఉంది. ఆయన లేచి పాత పాట అందుకున్నారు. పల్లవి బాగానే పాడారు. చరణంలో మెడ తిప్పడం మొదలుపెట్టారు. చివరికి షామియానా గుంజకు వీపు ఆనించి కిందికీ మీదికీ ఊగుతూ పాడారు. ఆయనలో ఇంత కళ ఉందని తెలియక అందరం ఈలలు వేశాం. వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసినవాళ్లు కాసేపటికి మూతులు తుడుచుకోసాగారు.

పది నిమిషాల్లో వలయమంతా లేచి నిలబడింది. ఇక నేరం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. వంటాయన మీద పడ్డారు. పులిహోరలో పల్లీలు పడలేదన్నారు. నూనె పాతదన్నారు. "పల్లీలు ముక్క వాసన వచ్చాయి, నాకప్పుడే అనుమానం" అని నేను కూడా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వైద్యాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ రోజు కత్తిపీటకూ, గరిటెకూ, వడ్డించే కుర్రాళ్లకూ కూడా అంటింది. ఒకావిడ కొబ్బరినూనె పట్టుకొచ్చి పిల్లలందరికీ తలంటినట్టు రుద్దింది. ఒకాయన విభూతి తెచ్చాడు. ఇంకొకరు కందకు చింతపండే విరుగుడని సాంబారు గిన్నె వైపు చూశారు. అందరూ చేసింది ఒకటే పని, రుద్దడం. రుద్దినకొద్దీ అరుపులు పెరిగాయి.

ఆ గోలకు తోట కాపలా తాత వచ్చాడు. ఒక్క చూపు చూసి, "రుద్దమాకండి బాబూ, దూలగొండి అది! రుద్దితే లోపలికి దిగుద్ది" అన్నాడు. ఆ మాటతో అన్ని చేతులూ గాల్లో ఆగిపోయాయి. "కంచె కాడికి ఎవరెళ్లారు?" అన్నాడు. నేను ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టాను.

"అంకుల్ వెళ్లారు తాతా. అడవి చిక్కుడు కోసుకొచ్చారు. జేబులో ఉంది చూడు" అన్నాడు సిక్సరు కుర్రాడు. ఆ పిల్లవాడికి మంచి భవిష్యత్తు ఉంది, పోలీసు శాఖలో.

తాత దగ్గర ఒక మందుంది. పేడ పూసి, ఆరాక ఒలిచేస్తే నూగు దాంతోపాటు వచ్చేస్తుందట. తెల్లవారుజామునే తలస్నానాలు చేసి పట్టుపంచెలు కట్టుకున్నవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సెక్రటరీగారు ముందు తేరుకుని, "దేశవాళీ ఆవేనా?" అని అడిగారు. "జెర్సీదండి" అన్నాడు తాత. "అయితే వద్దులే" అన్నారాయన, ఊపిరి పీల్చుకుని.

అప్పటిదాకా పిల్లల కళ్లు కడుగుతున్న బి-బ్లాక్ డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ పిల్లల డాక్టరు. ఆ రోజు మా ప్రవర్తన చూస్తే ఆవిడ స్పెషలైజేషన్ సరిగ్గా సరిపోయింది. "తాత చెప్పిన కిటుకు మంచిదే. అంటుకుని, ఎండి, ఊడి రావడమే అందులో మందు. కానీ గోకి పుండు చేసుకున్న చోట పేడ పెడితే ధనుర్వాతం భయం. టేపు ఉందా?" అంది. బ్యానర్ కట్టడానికి తెచ్చిన వెడల్పు బ్రౌన్ టేపు ఉంది. చర్మం మీద మెల్లగా అంటించడం, ఒక్క లాగుడు లాగడం. మళ్లీ కొత్త ముక్క. నా ఛాతీకి ఏడు ముక్కలు పట్టాయి. నూగు పోయింది. దాంతోపాటు నా సొంత నూగు కూడా పోయింది. ఊడదీసిన టేపును ఎండకెత్తి చూపించింది. గాజుముక్కల్లా సన్నటి ముళ్లు వందలు వందలు మెరిశాయి.

ఆ ముల్లు లోపల గుల్లగా ఉంటుందట. చర్మంలో గుచ్చుకుని, మాంసకృత్తులను కోసే ఒక ఎంజైమును వదులుతుందట. అమెరికాలో షెల్లీ, ఆర్థర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1955లో దాని మీద పరిశోధన రాశారు. ఎంజైము పేరు మ్యూకునైన్. మామూలు దద్దుర్లకు కారణమయ్యే హిస్టమిన్‌తో ఈ దురదకు పెద్ద సంబంధం లేదు. అందుకే సెట్రిజిన్ అడిగితే డాక్టరమ్మ, "వేసుకోండి, నిద్రొస్తుంది. దురద మాత్రం మెలకువగానే ఉంటుంది" అంది.

టేపు అయ్యాక బోరు మోటారు వేయించి, చన్నీళ్లూ సబ్బుతో కడిగించింది. తువ్వాలుతో తుడవద్దు, అద్దండి అంది. కళ్లలో పడితే నలపకుండా నీళ్లు ధారగా పోయాలని, ముఖం వాచినా ఊపిరి ఇబ్బందైనా కాలమైన్ రాసుకుని కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తాలని కూడా చెప్పింది. విడిచిన బట్టలు విడిగా కవర్లో కట్టించింది. అలా ఎనిమిది మంది పెద్దమనుషులు షామియానా గుడ్డలు చుట్టుకుని బస్సెక్కారు. పాయసం ఎవరూ తాగలేదు. వంటాయన మాత్రం రెండు గ్లాసులు తాగాడని తెలిసింది. తాగాల్సిందే, న్యాయం.

రాత్రి న్యూజెర్సీ నుంచి మావాడు వీడియో కాల్ చేశాడు. వాళ్లమ్మ ముందే అంతా చెప్పేసింది. "నాన్నా, ఇక్కడ బడిపిల్లలకు కూడా చెబుతారు, మూడాకులుంటే ముట్టుకోవద్దని" అన్నాడు. అక్కడ పాయిజన్ ఐవీ అనే తీగ ఉంది. కాడకు మూడాకులు, మధ్య ఆకుకు తొడిమ పొడుగు.

"మూడాకులా?" అన్నాను. మారేడుకు మూడాకులే. మోదుగకూ మూడే. కందికి, చిక్కుడుకు, బొబ్బర్లకు కూడా మూడే. వాడి సూత్రం పాటిస్తే కార్తీకంలో శివుడికి పూజ ఉండదు, విస్తరి ఉండదు, విస్తట్లోకి పప్పుండదు. ఇంతా చేసి దూలగొండికీ మూడాకులేనని నాకు అప్పుడు గుర్తొచ్చింది గానీ, వాదనలో గెలుస్తున్నప్పుడు అలాంటివి బయటకు అనకూడదు.

మావాడి సూత్రానికి వెనక అనుభవం ఉంది. కిందటి వేసవిలో పెరటి కంచె మీది ఆ తీగను గ్లౌజులు వేసుకుని మరీ పీకాడు. ఆ గ్లౌజుతోనే నుదుటి చెమట తుడుచుకున్నాడు. వంశం ఎక్కడికి పోతుంది? ఆ రోజు ఏమీ కాలేదు. రెండో రోజు ముఖం బూరెలా పొంగింది. దూలగొండి మన వీధి కొళాయి దగ్గర తగవులాంటిది, అక్కడికక్కడే తేల్చేస్తుంది. పాయిజన్ ఐవీ పెళ్లిలో నవ్వుతూ భోంచేసి, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి కడిగేసే చుట్టం లాంటిది. ఆ ఆకులో జిడ్డు నూనె ఉంటుంది. తగిలిన కొద్ది నిమిషాల్లో సబ్బుతో కడిగితే బతికిపోతాం. లేకపోతే రెండు మూడు వారాలు అద్దం చూడక్కర్లేదు. బూట్ల తాళ్లకు, పారకు, కుక్క బొచ్చుకు అంటుకుని కూడా ఆ నూనె ఇంట్లోకొస్తుంది. పీకిన తీగను తగలబెడితే ఆ పొగ ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది. పొక్కుల్లో నీరు తగిలితే పక్కవాళ్లకు అంటుకుంటుందని మా కోడలు వాణ్ణి వారం రోజులు బేస్‌మెంటులో పడుకోబెట్టింది. అలా అంటుకోదు. ఆ సంగతి డాక్టరు చెప్పినా ఆ అమ్మాయి వారం పూర్తయ్యాకే విన్నది.

ఆ తీగ చుట్టరికం ఎవరితోనో తెలుసా? మన మామిడితో. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, పాయిజన్ ఐవీ అన్నీ ఒకే కుటుంబం. తొడిమ తుంచగానే కారే సొన తగిలి మూతి పొక్కిందంటే కారణం ఆ రక్తమే. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు నల్లబడేది కూడా అలాంటి పెంకు నూనెకే. ఒకప్పుడు దోభీలు బట్టల మీద గుర్తు పెట్టిన నల్లజీడి రసం కొందరి నడుముకు బొబ్బలు తెచ్చేది. అంటే నేను ఆ రోజు కూర్చున్నది ఒక ప్రమాదకరమైన కుటుంబం నీడలో, కరిచింది మాత్రం పక్కింటి చిక్కుడువాళ్లు.

కోపం దిగాక దూలగొండి గురించి చదివాను. ఆయుర్వేదంలో దాని పేరు ఆత్మగుప్త, తనను తాను కాపాడుకునేది. ఇంకో పేరు కపికచ్ఛువు, కోతికి దురద. ఆ పేరు పెట్టినవాళ్లు నన్ను ముందే చూసినట్టున్నారు. ఆ గింజల్లోంచి ఎల్-డోపాను మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు 1937లోనే వేరుచేశారు. తర్వాత పార్కిన్సన్స్ జబ్బుకు వాడుకలోకొచ్చిన మందు అదే. అలాగని గింజలు ఏరుకొచ్చి నమలకండి, దానికి మోతాదులూ డాక్టర్లూ ఉన్నారు. లోపల అంత సరుకు పెట్టుకున్నది పైన కాపలా పెట్టుకుందంటే నాకిప్పుడు తప్పనిపించడం లేదు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కన్నా నిజాయితీగా పనిచేసింది.

ఈ ఏడు వనభోజనాల నోటీసు లిఫ్టు పక్కన అంటించారు. పొడుగు చేతుల చొక్కాలు, బూట్లు, ఒక సబ్బు, ఒక టేపు చుట్ట తెచ్చుకోవాలని రాశారు. తోట కాపలా తాత ముందుగా కంచె చుట్టూ తిప్పి చూపిస్తాడట. చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశారు: "చెట్ల పేర్లు చెప్పే బాధ్యత ఈసారి ఎవరికీ అప్పగించడం లేదు."

ఆ బంతి మా ఇంట్లోనే ఉంది. పారేద్దామంటే ఎవరైనా పిల్లలు ఏరుకుంటారని మా ఆవిడ మూడు కవర్లలో చుట్టి అటక మీద పెట్టింది. మీరు మా ఇంటికి తప్పకుండా రండి. అటక మీద చెయ్యి పెట్టకండి.