వరాళి దాటితే పులిహోర

తంజావూరు రాజు శరభోజి పిలిచినా త్యాగయ్య కొలువుకు వెళ్లలేదంటారు. ఆయన కోసం అమెరికాలోని మనవాళ్లు మాత్రం ఏటా ఈస్టర్ రోజుల్లో విమానాలెక్కి క్లీవ్‌లాండ్ వెళ్తారు. అక్కడ 1978లో మొదలైన త్యాగరాజ ఆరాధన కోసం. పంచరత్న కీర్తనలు బృందంగా పాడేటప్పుడు విద్వాంసుల వెనకెక్కడో కూర్చోవడంలో ఉన్న సుఖమే వేరు. అంతమంది శ్రుతిలో మన అపశ్రుతి ఎవరికి వినపడుతుంది?

చిక్కంతా ఇళ్లలో చేసే ఆరాధనలతోనే. బేస్‌మెంట్‌లో జంపఖానా పరిచి, ఫోన్లో తంబూరా పెట్టి, ఐప్యాడ్ చూస్తూ నాట, గౌళ, ఆరభి గట్టెక్కిస్తారు. వరాళి వచ్చేసరికి సగం గొంతులు మాయం. గురువు నేరుగా నేర్పకూడని రాగమన్న సాకు ఉండనే ఉంది. శ్రీరాగానికి మళ్లీ అందరికీ ఊపొస్తుంది. పైన మైక్రోవేవ్ అప్పటికే శ్రుతి చేసుకుంటోంది మరి!

"మీ ఆరభి అద్భుతం వదినా!"

"మీ గోంగూర ముందు ఎంత!"

ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో మాత్రం ఎవరికీ తాళం తప్పదు. త్యాగయ్యది ఉంఛవృత్తి, మనది పాట్‌లక్.

వచ్చే శనివారం మా ఇంట్లోనే. పాట రాకపోయినా రండి. పులిహోర తేలేకపోతే మాత్రం ముందే ఫోన్ చేయండి.