ఒరిజినల్ కలర్ బాబాయి

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఏ వీధికి మళ్లినా ఇలాంటి బాబాయి ఒకడు తగులుతాడు. సర్వీసులో ఉన్నప్పుడు హెడ్మాస్టరో, బ్యాంకు మేనేజరో, ఇరిగేషన్‌లో డీఈయో అయి ఉంటాడు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత కెమెరాకి, కొంత లెన్సుకి పోగా, ఇంకొంత పిన్నికి చెప్పకుండా ఇంకు ట్యాంకు ప్రింటరుకి పోయింది. ఆ పెట్టె ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆయన లోకాన్ని అడిగే ప్రశ్న ఒకటే.

"అబ్బయా, ఇది ఒరిజినల్ కలరేనా?"

దీనికి జవాబు చెప్పి బతికినవాడు లేడు. అవునంటే నీ కళ్లకి పరీక్ష చేయించుకోమంటాడు. కాదంటే కుర్చీ చూపిస్తాడు. కూర్చున్నామంటే పిన్ని రెండోసారి కాఫీ తెచ్చేదాకా లేవలేం.

వెనకటికి ఈ బాధ లేదు. 36 ఫొటోల రీలు ట్రంకు రోడ్డు స్టూడియోలో ఇచ్చి వచ్చేవాళ్లం. పెళ్లికూతురు మొహం ఎర్రగా వస్తే మనం స్టూడియోవాణ్ణి తిట్టేవాళ్లం, స్టూడియోవాడు ల్యాబువాణ్ణి తిట్టేవాడు, ల్యాబులో ఆపరేటరు ఫిల్టరు మార్చి ఇంకో ప్రింటు తీసి పడేసేవాడు. తగవు అక్కడితో తెగేది. ఇప్పుడు గిరాకీ బాబాయే, ల్యాబూ బాబాయే. తిట్టేవాడూ పడేవాడూ ఒకడే అయిన ఇంట్లో తగవు ఎట్ట తెగుతుంది?

తెగదు కాబట్టి ఆయన మూడోవాణ్ణి వెతుక్కుంటాడు. ముందు ఇంకు దొరికింది. తర్వాత కాగితం. తర్వాత సముద్రం.

సముద్రం మీద నేరం పూర్తిగా అబద్ధమేమీ కాదు. మన తీరంలో గాలికి తేమ ఎక్కువ. ఫొటో కాగితాన్ని ప్యాకెట్లోంచి తీసి బల్ల మీద వదిలేస్తే అంచులు లేచి వంకర తిరుగుతుంది, దాని మీద పడ్డ ఇంకు తొందరగా ఆరదు. అందుకని బాబాయి కాగితాలన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఏరి అందులో వేసి, డబ్బాని పిన్ని పట్టుచీరల బీరువాలో దాచాడు. ఇప్పుడు బీరువా తాళం ఎవరి దగ్గరుండాలన్నది ఆ ఇంట్లో ఇంకో కేసు.

ప్రింటు బయటికి రాగానే ఊరేగింపు మొదలవుతుంది. ముందు ట్యూబులైటు కింద చూస్తాడు, నీలంగా ఉంటుంది. దేవుడి గదిలో పసుపు బల్బు కింద చూస్తాడు, పసుపు తిరుగుతుంది. వాకిట్లో ఎండలో చూస్తే ఇంకో రకం. ప్రింటు చూడాల్సిన వెలుతురుకి 5000 కెల్విన్ అని అచ్చు పనివాళ్లకి ఒక లెక్క ఉంది. ఆ ముక్క చెబితే, "మన వాకిట్లో ఎంతుంటుంది?" అని అడుగుతాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటే, "చూసినావా, తప్పు నాది కాదు" అంటాడు. ఇదంతా తడి ఆరని ప్రింటుతోనే. ఇంకు కుదురుకోడానికి కొంత సేపు పడుతుంది, ఒక్కోసారి మర్నాటికి గానీ అసలు రంగు తేలదు. ఈ విషయం ఆయన చదివిన ఏ పుస్తకమూ ఆయనకి ఎక్కించలేకపోయింది, పిన్ని ఎక్కించింది. "చేపల పులుసు దించీ దించగానే రుచి చెబుతామా? మర్నాడు చూడండి" అంది. ఆ మాట మీద ఒక రోజంతా ఆగాడు. పాపం, మర్నాడు కూడా పచ్చగానే ఉంది.

పచ్చగా ఉన్నది పులికాట్ ఫ్లెమింగోల ఫొటో. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇంటికి అంత దగ్గర్లో ఉంటే, కెమెరా ఉన్న మనిషి చలికాలంలో ఊరుకోడు కదా. ఆ సరస్సు దగ్గరి సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి పోయినా బాబాయి ఇంకా ఒప్పుకోలేదు, అవి మా నెల్లూరు పక్షులే అంటాడు. ఈ నెల్లూరు పక్షులు ఆయన ప్రింటులో ఆకుపచ్చ నీళ్లలో ఆకుపచ్చగా నిలబడ్డాయి.

నాజిల్ చెక్ తీయమని చెప్పాను. అది ప్రింటరు తన ఆరోగ్యం తానే గీసి చూపించే కాగితం. నలుపు, నీలం, పసుపు గళ్లు నిండుగా వచ్చాయి. మెజెంటా గళ్లలో మాత్రం పళ్లూడిన దువ్వెన మాదిరి గీతకీ గీతకీ మధ్య ఖాళీలు. సంక్రాంతికి చెన్నై పోయి ఉగాదికి ప్రింటరు ఆన్ చేస్తే, వెంట్రుకకంటే సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండక చస్తుందా? మెజెంటా సరిగా పడకపోతే నీలమూ పసుపూ కలిసి ఫొటో పచ్చబడుతుంది. విరుగుడు కూడా చిన్నదే. ఒకటి రెండుసార్లు హెడ్ క్లీనింగు ఇచ్చి, కొన్ని గంటలు వదిలేసి, మళ్లీ చూడాలి. వదిలేయడమనేది బాబాయి జాతకంలో లేదు. వరసపెట్టి క్లీనింగు మీద క్లీనింగు ఇచ్చాడు. కడిగిన ఇంకంతా ప్రింటరు అడుగున ఉన్న ప్యాడులోకి పోతుంది. "ఫొటోలు తాగిన ఇంకు కంటే ఆ గుడ్డ తాగిందే ఎక్కువ" అని పిన్ని తీర్పు.

పచ్చదనం వదిలాక ఆయన కోపం ఫ్లెమింగో మీదికి మళ్లింది. క్యాలెండరులో గులాబీ రంగులో ఉండే పక్షి తన ఫొటోలో తెల్లగా ఉందేమని. పులికాట్‌కి ఎక్కువగా వచ్చే పెద్ద ఫ్లెమింగో ఒళ్లు దాదాపు తెలుపే, గులాబీ అంతా రెక్కల్లో ఉంటుంది, ఎగిరినప్పుడు తెలుస్తుంది. ఆ రంగు కూడా పుట్టుకతో రాదు, నాచూ చిన్న రొయ్యలూ తింటే వాటిలోని కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది, పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ఇవన్నీ విని బాబాయి తెర మీద గులాబీ పెంచాడు. పక్షి చేయని పని తాను చేస్తే తప్పేమిటని.

ఆ తెర సంగతి చెప్పాలి. గదికి కిటికీలు మూసి, తెర వెలుగు చివరికంటా పెంచి కూర్చుంటాడు. ప్రింట్ల పని చేసేవాళ్లు చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల దగ్గర పెట్టుకుంటారు, కొత్త మానిటరు చాలావరకు దానికి రెండింతల పైనే వెలుగుతుంది. తెర తనకు తాను వెలుగుతుంది, కాగితం మన గదిలోని వెలుతుర్నే తిరిగిస్తుంది. అందుకే ఆయన ప్రింట్లన్నిటిలో అమావాస్య. మా ఇంట్లో అందరూ నల్లగా పడ్డారని బంధువుల్లో మాట కూడా వచ్చింది.

ఎదురింటావిడ వెంకటగిరి చీర వ్యవహారం ఇంకా ముదిరింది. నిశ్చితార్థానికి ముదురు నీలం చీర కట్టుకుంటే ప్రింటులో వంకాయ రంగు వచ్చింది. "అన్నా, ఈ చీర నేనెప్పుడు కట్టినాను?" అని నిలదీసింది. తెర చూపించగలిగే కొన్ని గాఢమైన నీలాలు ఇంకుల కలయికకి అందవు, ప్రింటరు తన చేతనైన దగ్గరి రంగు వేసి ఊరుకుంటుంది. బాబాయి ఊరుకోలేదు. చీర తెప్పించి ప్రింటరు పక్కన దండెం కట్టి ఆరేశాడు. చీరని చూసి ఫొటో మారుస్తాడు, ఫొటోని చూసి చీర మడత మారుస్తాడు. చీర ఇంకా వాళ్లింటికి పోలేదని వినికిడి.

2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరినప్పుడు శ్రీహరికోట గ్యాలరీకి పోయి ఫొటోలు తీశాడు. తెల్లటి పొగ ప్రింటులో గులాబీగా వచ్చింది. ఫ్లెమింగోకి రాని గులాబీ రాకెట్టుకి వచ్చింది. ఎందుకంటే ఫోటోషాపులో కాగితానికి తగ్గ ప్రొఫైలు పెట్టి, ప్రింటరు సెట్టింగుల్లో కలర్ కరెక్షన్ కూడా ఆన్‌లోనే ఉంచాడు. ఎవరో ఒకరు చేయాల్సిన దిద్దుబాటు ఇద్దరూ చేశారు. 1993లో పెద్ద కంపెనీలు కూడి ఐసీసీ అని సంఘం పెట్టింది ఒకరి రంగు ఇంకొకరికి అర్థమయ్యేట్టు చేయడానికే గానీ, ఒకే రంగుని ఇద్దరు దిద్దడానికి కాదు. బాబాయి మాత్రం ఇస్రో ఇంధనం మార్చిందేమో కనుక్కోమన్నాడు.

దసరా సెలవులకి మనవరాలు చెన్నై నుంచి వచ్చింది. ప్రింటు బొత్తాం నొక్కేముందు తెర మీది సెట్టింగుల్లో ఒక వరస చూసి, "తాతా, నిగనిగలాడే కాగితం పెట్టి ఇక్కడ ప్లెయిన్ పేపర్ అని చెప్పారేంటి?" అంది. ఏ కాగితమో తెలియకపోతే ఎంత ఇంకు పోయాలో ప్రింటరుకి తెలియదు. అది మార్చింది. సాయంత్రమైతే తెరని పసుపు చేసే నైట్ లైటు కూడా ఆపింది. తెర వెలుగు సగానికి దించింది. ఫొటో బయటికొచ్చింది, మనుషులు మనుషుల రంగులో ఉన్నారు.

బాబాయి ఆ ప్రింటు పట్టుకుని చాలాసేపు చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకని మనిషి ఎంత దిక్కులేనివాడో అప్పుడు చూశాను. చివరికి, "నేనూ ఇట్టనే పెట్టి చూసినానమ్మా, ఆ రోజు ఓల్టేజీ లేదు" అన్నాడు.

ఈ చలికాలం మనవరాలు చెప్పినట్టే తీసిన ఫ్లెమింగోల ప్రింటు చంకన పెట్టుకుని పులికాట్ దగ్గర అటకానితిప్ప దాకా నన్ను లాక్కుపోయాడు. రోడ్డుకి రెండు పక్కలా సరస్సు, దూరంగా ఫ్లెమింగోలు వరసగా తలలు నీళ్లలో పెట్టి మేస్తున్నాయి. బాబాయి ఫొటోని చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, పక్షినీ ప్రింటునీ మార్చి మార్చి చూశాడు.

"లాభం లేదబ్బయా" అన్నాడు. "పక్షులు వెలిసిపోయినాయి."