మాకేం ప్రాబ్లం లేదండీ

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మన మగమహారాజు గ్రీన్‌కార్డుకి లాయర్ని పెట్టుకుంటాడు, టాక్సులకి సీపీఏని పెట్టుకుంటాడు. ఏసీ మూలిగితే యూట్యూబ్ చూసి తనే విప్పి, పాడుచేసి, ఆనక మెకానిక్‌ని పిలుస్తాడు. కాపురం మూలిగితే మాత్రం ఎవర్నీ పిలవడు. "మాకేం ప్రాబ్లం లేదండీ, తనకే కాస్త కోపం ఎక్కువ" అంటాడు. కౌన్సెలింగ్ తెల్లవాళ్ల సోకట. మనకి పెద్దలున్నారట.

ఉన్నారు, నిజమే. వేసవిలో శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి వ్యాలీ రాంచ్ అపార్ట్‌మెంట్లో వాట్సాప్ మోగితే గుంటూరులో ఆదివారం ఉదయం ఏడు. తెర మీద అబ్బాయి అమ్మానాన్నలు, మేనమామ, సంబంధం కుదిర్చిన పెద్దమనిషి. ఆ పెద్దమనిషి ఎందుకొచ్చాడో ఎవరికీ తెలీదు, కాఫీ గ్లాసు మాత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. అబ్బాయి మ్యూట్‌లో ఉంటాడు. అమ్మాయి నోరు తెరిచిన రెండో నిమిషానికి తీర్పు వచ్చేస్తుంది: "సర్దుకుపోవాలమ్మా. ఒక నలుసు పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి." పుట్టాక ఇంకో పంచాయతీ, రెండో నలుసుకి సిఫార్సు.

టెక్సాస్‌లో మ్యారేజ్ థెరపిస్టుగా లైసెన్సు రావాలంటే మాస్టర్స్ చదివి, మరొకరి పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచెయ్యాలి. మావయ్యకి మావయ్య అయితే చాలు. చట్టం ఒప్పుకోని చోట గుట్టు బయటపెడితే థెరపిస్టు లైసెన్సుకే ఎసరు. మావయ్య విన్న గుట్టు భోజనాల వేళకి తెనాలి చేరుతుంది. పరువు పోతుందని కౌన్సెలర్ గడప తొక్కనివాడు పరువుని ఇలా కాపాడుకుంటున్నాడు. (చెయ్యి చేసుకునేవాడి సంగతి వేరు. అక్కడ కావలసింది కౌన్సెలింగ్ కాదు, 911.)

కాస్ట్‌కో గ్యాసు నాలుగు సెంట్లు తక్కువని లైన్లో నిలబడే ఈ మనిషి ఒక్క కూపన్ని మాత్రం ముట్టుకోడు. 2008 నుంచి టెక్సాస్‌లో, పెళ్లికి ముందు 8 గంటల క్లాసు పూర్తిచేసిన జంటకి పెళ్లి లైసెన్సు ఫీజులో 60 డాలర్లు మాఫీ, లైసెన్సు చేతికొచ్చాక పెళ్లికి 72 గంటలు ఆగే పనీ ఉండదు. "మన పెళ్లి అన్నవరంలో కదండీ, మనకి వర్తించదు" అంటాడు. విడాకులు మాత్రం డాలస్ కౌంటీలో చక్కగా వర్తిస్తాయి. పిటిషన్ పడ్డాక మామూలుగా 60 రోజులైనా ఆగాలి.

జ్ఞానోదయం ఆ 60 రోజుల్లో అవుతుంది. అర్ధరాత్రి ఇన్‌కాగ్నిటోలో కౌన్సెలర్ కోసం వెతుకుతాడు. రేటింగు 4.8కి తగ్గకూడదు, ఇన్సూరెన్సు తీసుకోవాలి, తెలుగు వచ్చినవాళ్లు అసలే వద్దు. భార్య తప్పులన్నీ తేదీలవారీగా ఎక్సెల్ షీట్లో ఎక్కించుకుని వెళ్లి, కుర్చీలో సరిగా కూర్చోకముందే అడుగుతాడు: ఎన్ని సిట్టింగుల్లో ఆవిడ సెట్ అవుతుంది?