మందపు తోలుకు మొండి కత్తి: కొత్తగా బెల్టు కోసేవాళ్లకు కొన్ని సలహాలు

నాలుగు వీడియోలు చూసి, సొంతంగా బెల్టు కోసుకుందామని నాలుగు మిల్లీమీటర్ల మందం తోలు ఇంటికి తెచ్చుకున్నారా? శుభం. ఇక పనిముట్లు కావాలి. హైదరాబాదులో అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిస్తే దొరకనిది ఉండదు. కానీ ఏది కొనాలో తెలియకపోతే పొరపాటున మంచిదే కొనేస్తారు. అందుకే ఈ సలహాలు.

అన్నిటికంటే మంచిది, జనవరి దాకా ఆగడం. 1938లో బాగే ఆమ్ తోటలో మొదలై తర్వాత నాంపల్లి మైదానానికి చేరిన నుమాయిష్ అనే ఎగ్జిబిషన్‌ను మామూలుగా ఏటా జనవరి 1న తెరుస్తారు. అక్కడ మెడకు మైకు తగిలించుకున్న ఒకాయన రెప్పపాటులో క్యారెట్టును పువ్వు చేసి చూపిస్తాడు. ఆ కత్తే కొనండి. క్యారెట్టుకీ ఎద్దు తోలుకీ తేడా ఏముంది? ఒకటి భూమిలో పెరుగుతుంది, ఇంకోటి భూమ్మీద తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త: ఇంటి నుంచి తోలు ముక్క పట్టుకెళ్లి, 'దీన్ని కోసి చూపించు బాబూ' అని అడక్కండి. నలుగురిలో ఆయన పరువు తియ్యడం మర్యాద కాదు.

అంతదాకా ఆగలేనివాళ్లు కత్తెర కొనండి. పలచటి తోలుకు కత్తెర, మందపు తోలుకు కత్తి అని పనివాళ్లు అంటారు. వాళ్లకు పట్టింపులెక్కువ. మీరు వేలు పట్టీ పట్టనంత ఇరుకు కన్నాలున్న కత్తెర ఎంచుకోండి. బొటనవేలు ఉబ్బి అందులో బిగుసుకుంటే కత్తెర చేజారదు, అదొక సదుపాయం. ఫిన్లండ్‌లో ఫిస్కర్స్ కంపెనీ 1967లోనే చేతి ఆకారానికి తగ్గట్టు నారింజ రంగు ప్లాస్టిక్ పిడి పోసి కత్తెర తెచ్చింది. చలిదేశం వాళ్లు, చేతులు సున్నితం. మనకు మీరట్ కత్తెర ఉంది. 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత ఇనప తుక్కుతో చేస్తారు. మొద్దుబారినప్పుడల్లా సాన పట్టించుకుంటూ తాత నుంచి మనవడి దాకా వాడతారని దానికి పేరు. మీరు మాత్రం సాన పట్టించకండి. వారసత్వ సంపదను అరగదీయడం పాపం.

ఎడమచేతి వాటం వాళ్లకూ మామూలు కత్తెరే ఇవ్వండి. ఎడమచేతిలో దాని రెండు అలుగులూ ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఎడమవుతాయి, తోలు తెగకుండా మధ్యలో మడతపడి కూర్చుంటుంది. ఓపిక అలవడుతుంది.

ఇక కట్టర్. గీతలు గీతలుగా విరిచే బ్లేడు ఉంటుందే, అది. 1956లో జపాన్‌లో ఒకాడా అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. చెప్పులు కుట్టేవాళ్లు గాజు పెంకుతో అడుగులు గీకుతూ, అది మొద్దుబారగానే విరగ్గొట్టి కొత్త అంచు తీసుకోవడం ఆయనకు తోవ చూపిందట. కథ బాగుంది కానీ దాన్ని పాటించనక్కర్లేదు. గీత ఉంది కదా అని విరగ్గొట్టడం దుబారా. 18 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడు నిటారుగా నిలుస్తుంది కాబట్టి దాని జోలికి పోవద్దు. కాయితాలు కోసే 9 మిల్లీమీటర్లది తీసుకుని, బ్లేడంతా బయటికి లాగి, ఒంటి బరువంతా వేసి ఒకే ఊపున కొయ్యండి. ఇనప స్కేలు ఆనించి, తేలిగ్గా మూడు నాలుగు సార్లు అదే గీత మీద పోనిచ్చేవాళ్లకు ధైర్యం చాలదు. బ్లేడు వంగి విరిగి ఎటు ఎగురుతుందో చూడటానికి కళ్లద్దాలు తీసేయండి, స్పష్టంగా కనబడుతుంది.

అసలు రహస్యం మొద్దుబారిన అంచులో ఉంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండి కత్తీ అంతే. పదునుగా ఉంటే కత్తే కోసేస్తుంది, అందులో మీ గొప్ప ఏముంది? మొండిదైతే ప్రతి అంగుళానికీ భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ పాలు పంచుకుంటాయి. బలం పెంచేకొద్దీ కత్తి దారి తప్పుతుంది. తప్పినప్పుడు ఆపడానికి ఎడమచేతిని దానికి ఎదురుగానే పెట్టుకోండి. పిడి పెన్సిలంత సన్నగా ఉండాలి, దాన్ని వేళ్ల కొసలతో నొక్కి పట్టాలి. మణికట్టు బాగా వంచండి. వంచితే పిడికిలి పట్టు తగ్గుతుంది నిజమే, ఆ లోటు పళ్లు బిగించి పూడ్చుకోవచ్చు. చెప్పులు కుట్టేవాళ్ల నడుములు పనిలో వంగిపోతున్నాయని రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు 1700లోనే పుస్తకంలో రాసిపెట్టాడు. మూడు వందల ఏళ్లు దాటింది, ఇంకా పట్టించుకోవాలా?

దారిలో ఫుట్‌పాత్ మీద గొడుగు కింద చెప్పులాయన కనిపిస్తే తల తిప్పుకుని వెళ్లిపోండి. ఆగారో, ఇప్పటిదాకా నేను చెప్పిందంతా మరిచిపోతారు. ఆయన చేతిలో రంపె ఉంటుంది. హైదరాబాదులో రాంపీ అంటారు. వెడల్పు అలుగు, పిడికిలి నిండే పొట్టి పిడి. అంచు ముందుకుంటుంది, దాన్ని ఒంటికి దూరంగా నెడతాడు. నెట్టేది వేళ్లు కాదు, భుజం. మణికట్టు వంగదు. గట్టి తోలైతే ముందు నీళ్లు తడిపి మెత్తబరుస్తాడు. మాటల మధ్య రాయి మీద నాలుగు సార్లు నూరి, తోలు ముక్క మీద రెండు సార్లు రాసి, మళ్లీ పనిలో పడతాడు. తంగేడు చెక్క వేసిన లందల్లో తోలు నానబెట్టిన పల్లెల్లోనూ ఇదే పనిముట్టు. ఈజిప్టులో రెఖ్మిరే సమాధి గోడ మీద దీనికి దూరపు చుట్టం లాంటి అర్ధచంద్రపు కత్తితో తోలు కోసేవాళ్ల బొమ్మలున్నాయి. సుమారు 3,400 ఏళ్లనాటివి. అన్నేళ్లుగా మార్చలేదంటే వాళ్లకు కొత్తదనం మీద ఆసక్తి లేదన్నమాట. పైగా ఆయన రంపెకు డబ్బా లేదు, వారంటీ కార్డు లేదు. ఎలా నమ్ముతాం?

నేను చెప్పినట్టు చేస్తే కొన్నాళ్లకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతాయి. పనితనం ఒంటికి పట్టిందని గుర్తు. మణికట్టులో నరం నలుగుతోంది, కొన్నాళ్లు పని ఆపమని డాక్టరు అంటే నమ్మకండి. ఆయన బెల్టు కొనుక్కున్న మనిషి.

ఇంకా సందేహాలుంటే ఉత్తరం రాసి అబిడ్స్ జీపీఓలో వెయ్యండి. ఎడమచేత్తో రాసినా ఓపిగ్గా చదువుకుంటాను.