వీణ పలకాలంటే శబ్దాన్ని చెడగొట్టండి

కోడ్‌తో వీణ పలికించాలనుకునేవాళ్లకి అందరూ చెప్పేది ఒకటే: మంచి మైకు కొనండి, ఒక్కో స్వరం శుభ్రంగా రికార్డు చేసుకోండి. నేను దానికి అడ్డంగా చెబుతాను. స్వరాల రికార్డింగ్ జోలికి పోకండి. గరగరతో మొదలుపెట్టండి.

1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతి ఇదే. 300 గళ్ల వరుస నిండా అడ్డదిడ్డమైన అంకెలు పోయండి. మొదటి గడిలోది బయటికి తీసి వినిపించి, దానికీ పక్కదానికీ సగటు తీసి వరుస చివర పెట్టండి. అలా తిప్పుతూనే ఉండండి. సెకనుకు 44,100 శాంపిళ్లయితే సుమారు 147 హెర్ట్జ్ శ్రుతి వస్తుంది. పై హార్మోనిక్‌లు ముందు అణిగిపోతాయి కాబట్టి అచ్చం మీటిన తీగలాగే ఉంటుంది.

అక్కడితో ఆగితే గిటారు వస్తుంది, వీణ రాదు. వీణ బ్రిడ్జి మీద లోహపు పలక కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఊగే తీగ ఆ వంపుకి అంటుకుంటూ విడిపోతూ ఉంటుంది. దాంతో మోగే పొడవు క్షణక్షణం మారిపోతుంది. మీటిన చోటును బట్టి పుట్టకూడని హార్మోనిక్ కూడా వీణలో, తంబురాలో గట్టిగా వినిపిస్తుందని సి.వి. రామన్ 1921లోనే రాశారు. అందుకే మీ చక్కటి లూపును పాడుచేయండి: శాంపిలు విలువ పాజిటివ్ అయినప్పుడు వరుస పొడవును వెంట్రుకవాసి తగ్గించండి, నెగటివ్ అయితే వదిలేయండి. గడిలో కొంత భాగమంత ఆలస్యాన్ని ఇచ్చే ఆల్‌పాస్ ఫిల్టర్ ఉంటే ఈ పని తేలిక.

శ్రుతినీ నిలకడగా ఉంచకండి. మెట్టు మీద తీగను పక్కకి లాగితే స్వరం పైకే పోతుంది, కిందికి దిగదు. దిగే గమకం కావాలంటే లాగి పట్టుకుని మీటి, మెల్లగా వదలాలి. కోడ్‌లోనూ అదే క్రమం పాటించండి. కీబోర్డు మీద ఉండే, స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చక్రం వీణకి పనికిరాదు.

రికార్డింగ్ ఒక్కదానికి మాత్రం ఒప్పుకుంటాను. ఒడిశాలో కుందుర, రాయగడ వైపు ఉన్నవాళ్లు హెడ్‌ఫోన్లు తీసి రైలెక్కండి. పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. దాని పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగలు బిగించని వీణ కుండను వేలి కణుపుతో తట్టి, ఆ చప్పుడు పట్టుకోండి. గరగర బదులు దాన్నే వరుసలో పోస్తే కర్ర గుణం కూడా తీగతోపాటు పలుకుతుంది. తట్టే ముందు చేసినవాళ్లని అడగండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి, వాళ్లు సరేనంటే కోడ్ మొదటి వరుసలో వాళ్ల పేరు రాయండి.